కొసరు వేసిన ఓళిగ

మొన్న సాయంత్రం నుంచి నా కుడిచేతి మీద నెయ్యి వాసన వస్తోంది. సబ్బుతో కడిగాను, శనగపిండితో రుద్దాను, చింతపండు గుజ్జు పూసి ఆరనిచ్చి మళ్ళీ కడిగాను. వేడి నెయ్యి పడి కందిన చోట చర్మం చుర్రుమంది గానీ వాసన మాత్రం పోలేదు. కాచిన వెన్న, అందులో వేసిన తమలపాకు, పక్కనే బెల్లం, యాలకులు, పెనం మీద ఎర్రగా కాలిన ఓళిగ అంచు, అన్నీ కలిసిన వాసన అది. ఓళిగంటే బొబ్బట్టే. ఎవరింట్లో ఈ వాసన వచ్చినా ఈరోజు ఏం పండుగ అని అడుగుతారు. నేను మాత్రం అక్కడ కూచోలేను. ఓళిగల మీద నెయ్యి పోస్తుంటే పంక్తిలోంచి లేచి వెళ్ళిపోయే ఆడమనిషిగా బంధువుల్లో నాకు ఎప్పుడో పేరు పడింది. పొగరని కొందరు, షుగరని కొందరు అనుకుంటారు. అది పొగరూ కాదు, షుగరూ కాదు, మా చిన్నాయన.

మాది కోడుమూరు. పెద్దబజారులో మా తాత కిరాణా అంగడి, అంగడి వెనక ఇల్లు, ఇంటి వెనక బుడ్డలు నిల్వచేసే గోడౌను. బుడ్డలంటే వేరుశనక్కాయలే, మా వైపు ఆ మాటే అంటారు. పంట దిగే రోజుల్లో ఎద్దులబండ్లు బజారు పొడవునా నిలబడేవి, పచ్చిబుడ్డల మట్టివాసన ఇంట్లో మంచినీళ్ళకు కూడా పట్టేది, మేము జేబుల నిండా నింపుకుని బడిలో ఒలుచుకుని తిని బెంచీల కింద పొట్టు దాచేవాళ్ళం. చలికాలంలో అరుగు మీద ఎండలో కూచుని అచ్చనగాయలు ఆడుకుంటుంటే అవ్వ సద్దరొట్టె మీద వెన్నముద్ద పెట్టి తెచ్చిచ్చేది. పీర్ల పండుగ వస్తే తప్పెట్ల చప్పుడుకు అంగట్లో డబ్బాలు గలగలమనేవి. ఎండాకాలం సంగతి చెప్పనక్కర లేదు, నాపరాళ్ళ మిద్దె కింద మనిషి ఉడికిపోయేవాడు, కాకి కూడా బయట కనబడేది కాదు. ఆ ఎండలో బయట తిరిగే మనిషి మా బజారంతటికీ ఒక్కడే ఉండేవాడు, ఆయనే మా నాయన తమ్ముడు, నాగరాజు చిన్నాయన.

చిన్నాయన మనిషి చాలా చిన్నగా ఉండేవాడు. నేను అయిదో తరగతికి వచ్చేసరికే ఆయన భుజం అందుకున్నాను. బజారులో అందరూ సన్నశెట్టి అని పిలిచేవాళ్ళు, అందులో ముద్దు తక్కువ, ఎకసెక్కం ఎక్కువ. కర్నూలులో కాలేజీకి పోయినప్పుడు మిలిటరీ నుంచి వచ్చిన డ్రిల్లు సారు ఒకాయన ఈ పొట్టిమనిషి చేతుల వేగం చూసి బాక్సింగు నేర్పాడు. చదువు అబ్బలేదు గానీ అది అబ్బింది. శెట్టి కొడుకు బెల్లం తూచుకోక ముష్టియుద్ధం చేస్తాడట అని అంగడికి వచ్చినవాళ్ళంతా మా తాత మొహం మీదే నవ్వేవాళ్ళు. పప్పుచారు తాగి కొడితే ఎదుటివాడికి నొప్పి పుడుతుందా అని ఒకడంటే, ముందు అరుగు మీది దోమను కొట్టమను చూద్దాం అని ఇంకొకడు. చిన్నాయన నవ్వుతూనే వాళ్ళకు పొట్లాలు కట్టిచ్చేవాడు. ఆ నవ్వు పళ్ళవరకే ఉండేదని నాకు అప్పుడు తెలియదు.

గోడౌనులో దూలానికి ఒక గోనెసంచి వేలాడేది, దాని నిండా బుడ్డల పొట్టు దట్టంగా కూరి ఉండేది. ఎద్దులకు తోలుపట్టీలు కుట్టే మనిషి కుట్టిచ్చిన తొడుగులు వేసుకుని చిన్నాయన దాన్ని కొట్టేవాడు. కొట్టినప్పుడల్లా గోనె కన్నాల్లోంచి పొట్టు దుమ్ము లేచి, పైకప్పు సందులోంచి పడే వెలుతురులో తేలుతుండేది, నూనెగింజల కమ్మటి వాసన ముక్కు నిండేది. ఎదురుగా నిలబడి సాధన చేయించడానికి నాపరాళ్ళు పాలిష్ పట్టే ఖాజా మామ వచ్చేవాడు, తల నుంచి పాదం దాకా తెల్లటి రాతిపొడితో. ఇద్దరూ కలిసి చేసే ఆ ధబధబల మధ్య నేను బుడ్డల బస్తాల మీద కూచుని ఎక్కాలు చదువుకునేదాన్ని. ఇంట్లో మిగతావాళ్ళకు అది పని లేని వాళ్ళ పని, నాకు మాత్రం అంతకంటే అందమైన చోటు ఆ ఊళ్ళో ఉండేది కాదు.

ఆ గోడౌను గోడకు అన్నం మెతుకులతో అతికించిన కాగితం బొమ్మ ఒకటి ఉండేది. పొట్లాలు కట్టడానికి అంగడికి పాత పత్రికలు మూటలుగా వచ్చేవి, వాటిలో ఏదో ఇంగ్లీషు ఆటల పత్రికలోంచి చిన్నాయన ఆ పుట చింపి తీసుకున్నాడు. ఉంగరాల జుట్టు, వాచిన కన్ను, చిన్నాయనంతే ఉన్న ఒక మనిషి, పొట్ట కనబడకుండా కప్పేసిన పెద్ద బెల్టు పట్టుకుని నిలబడి ఉంటాడు. వెనక ఒక లావుపాటి ఆయన ఇంకెవరితోనో మాట్లాడుతూ నవ్వుతుంటాడు, బెల్టు మనిషిని చూడడు. బొమ్మ కింద పేరున్న భాగాన్ని ఎలుక కొరికేసింది. మిగిలిన నాలుగు ముక్కల్ని కాలేజీ ఇంగ్లీషు సారుకు చూపిస్తే ఆయన చదివి చెప్పాడట, ఈ మనిషిది మెక్సికో దేశం, అన్నిటికంటే తక్కువ బరువుల్లో ప్రపంచ చాంపియన్, ఎంతమందిని గెలిచినా సొంత దేశంలోనే లావు బరువు వాళ్ళకు దక్కిన పేరు ఈయనకు దక్కలేదు అని. చిన్నాయన ఆ సంగతి నాకు చెప్పినప్పుడు గొప్ప శుభవార్త మోసుకొచ్చినట్టు చెప్పాడు.

“ఆడ కూడా అంతేనంటమ్మే,” అన్నాడు. “అయినా సూడు, మన బరువుకు గూడా ప్రపంచంలో ఒక కుర్చీ ఉండాది.”

మా వైపు మగవాళ్ళను అప్పా అని పిలుస్తారు, అప్పటినుంచి ఆ బొమ్మ మాకు మెక్సికో అప్ప అయ్యాడు. సాధన మొదలుపెట్టేముందు చిన్నాయన ఆ గోడ వైపు చూసి తల ఊపేవాడు, దండం పెట్టడం కాదు, తోటిపనివాణ్ణి పలకరించినట్టు. నేను కూడా లెక్కల పరీక్షకు పోయేముందు మెక్సికో అప్పకు తల ఊపి పోయేదాన్ని.

కర్నూలులో పోటీలుంటే ఎప్పుడైనా నాయన నన్ను వెంట తీసుకుపోయేవాడు. మైదానంలో తాళ్ళు కట్టి బరి వేసేవాళ్ళు, కొండారెడ్డి బురుజు వైపు నుంచి వచ్చే వేడిగాలికి జెండాలు పటపటలాడేవి, జామకాయల మీద చల్లిన ఉప్పుకారం కళ్ళలో పడేది. తక్కువ బరువు వాళ్ళ ఆటలు ముందు పెట్టేవాళ్ళు. ముందు అంటే మిట్టమధ్యాహ్నం, షామియానా వాళ్ళు ఇంకా గుంజలు పాతుతుండగా, కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉండగా. చిన్నాయన గెలిచేవాడు, ఆ బరువులో జిల్లాలో ఆయన్ని కొట్టినవాడు లేడు, బయటి జిల్లాలవాళ్ళు వచ్చినా అంతే. రిఫరీ చేయి ఎత్తితే మా నాయనా, ఖాజా మామా, నేనూ చప్పట్లు కొట్టేవాళ్ళం, మైకు సరిచేసేవాడు హలో హలో అనేవాడు. ఎండ తగ్గాక పెద్దలు వచ్చేవాళ్ళు, దండలు, ఉపన్యాసాలు, అప్పుడు లావుపాటి వాళ్ళ ఆటలు. మరునాడు పేపర్లో వాళ్ళ ఫొటో పడేది. చిన్నాయన పేరు ఆ వార్త చివరన, ఒకసారి నాగయ్య అనీ ఒకసారి నాగేశ్వరరావు అనీ పడేది. నాకు ఏడుపు వచ్చేది. ఆయన మాత్రం ఆ పేపరుతోనే సాయంత్రం ఎవరికో కందిపప్పు పొట్లం కట్టేసేవాడు.

గెలవడం కంటే కష్టమైన పని ఆయనకు ఇంకొకటి ఉండేది, బరువు దాటకుండా ఉండడం. ఆయన ఆడే పోటీలో మనిషి నలభై ఎనిమిది కిలోలు దాటకూడదు, ఆటరోజు పొద్దున కాటా మీద నిలబెట్టి చూస్తారు, రవ్వంత దాటినా ఇంటికి పంపుతారు. అందుకే మిట్టమధ్యాహ్నం ఒంటికి గొర్రెల కంబళి చుట్టుకుని, ఎండిపోయిన హంద్రీ నది ఇసుకలో పరుగెత్తేవాడు. చింతగింజ బుగ్గన పెట్టుకుని రోజంతా ఉమ్మేవాడు. ఉగాదినాడు ఇంటిల్లిపాదీ ఓళిగలు తింటుంటే ఆయన గోడ వైపు తిరిగి కూచుని కొర్రగంజి తాగేవాడు. అవ్వకు అది చూస్తే ప్రాణం ఉసూరుమనేది. పండుగపూట కన్నకొడుకు గంజి తాగడమేమిటని ఆ రోజు ఆమె కూడా ఓళిగ ముట్టేది కాదు, ముట్టలేదని మళ్ళీ ఆయన్నే తిట్టేది.

ఇక్కడ మా బజారు పద్ధతి ఒకటి చెప్పాలి. మా ఊళ్ళో తూకం తూకంతో అయిపోయేది కాదు. తక్కెడ ముల్లు నిటారుగా నిలబడ్డాక అంగడివాడు ఇంకొక చిటికెడు బెల్లమో, గుప్పెడు బొరుగులో పైన వేసేవాడు. అదే కొసరు. పిల్లలం కొసరు కోసమే అంగడికి పోతామనేవాళ్ళం, దారిలోనే దాన్ని తినేసి అసలు సరుకు ఇంట్లో ఇచ్చేవాళ్ళం. కొసరు వేయనివాడి అంగడి మెట్టు ఎవరూ ఎక్కేవాళ్ళు కాదు. విందుల్లోనూ అంతే. కడుపు నిండి చేయి కడగబోయే మనిషిని ఆపి, ఇంకొకటి వేసి, అది కూడా తినిపిస్తేనే పెట్టినట్టు లెక్క. వద్దని విస్తరి మీద చేయి అడ్డం పెడితే పెట్టినవాడి మొహం మీద కొట్టినట్టే. మా వాళ్ళ మంచితనమంతా ఆ కొసరులో ఉండేది, కాదనను.

నేను ఏడో తరగతిలో ఉండగా రాష్ట్రపోటీలు కర్నూలులోనే పెట్టారు. వాటిలో గెలిచినవాణ్ణి దేశం మొత్తం పోటీలకు పంపుతారు. మా తాత అంతకుముందే తేల్చి చెప్పాడు, ఈసారి పంపితే సరే, పంపకపోతే ఆ తోలుతొడుగులు అటక మీద పడేసి అంగట్లో కూచోవాల్సిందే అని. చిన్నాయన సరేనన్నాడు. ఖాజా మామ రోజూ పొద్దునా సాయంత్రం వచ్చేవాడు. మెక్సికో అప్ప బొమ్మ అంచులు లేస్తుంటే చిన్నాయన నా చేత కొత్తగా మెతుకులు పెట్టించి అతికించాడు. ఇంట్లో ఎవరూ పైకి అనలేదు గానీ అవ్వ ఒంటిమిట్ట రాములవారికి మొక్కుకుందని నాకు తెలుసు.

పోటీకి ముందురోజు పొద్దున ఓబులేసు శెట్టి మా ఇంటికి వచ్చాడు. బజారుకంతా పెద్ద ఆయన, వర్తకులకు ఆయన మాటంటే మాట, మంచిమనిషి కూడా. సన్నశెట్టి అనే పేరు మొదట పెట్టింది ఆయనే. “మనోడు కర్నూల్లో ఆడతాండాడంటే బజారుకు గౌరవం కాదా,” అని, సాయంత్రం సత్రంలో సన్మానం, భోజనం అని చెప్పి పోయాడు. అప్పటిదాకా ఎకసెక్కాలాడిన బజారు ఆయన ఒక్క మాటతో మారిపోయింది. మా తాత ఇస్త్రీ పంచె తీశాడు. చిన్నాయన అద్దం ముందు చాలాసేపు తల దువ్వుకున్నాడు. అంత సంతోషం ఆయన మొహంలో గెలిచినరోజు కూడా నేను చూడలేదు.

సత్రంలో మామిడాకులు కట్టారు, సన్నాయి పెట్టారు. బుడ్డల బస్తాలు తూచే పెద్ద కాటా ఒకటి మండీ నుంచి మోసుకొచ్చి మధ్యలో పెట్టారు, దాని మీద చిన్నాయన్ని నిలబెట్టారు. ముల్లు ఊగి ఊగి ఆగింది. ఆయన ఆడే బరువుకు ఇంకా కాస్త తక్కువే చూపించింది. అక్కడున్నవాళ్ళంతా తూకం తెలిసిన మనుషులు, ఒక్కసారిగా చప్పట్లు కొట్టారు. మా బజారు చిన్నాయనకు చప్పట్లు కొట్టడం అదే మొదలు. ఆయన కాటా మీదే నిలబడి పిల్లవాడిలా తల వంచుకున్నాడు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరగడం నేను దగ్గరనుంచి చూశాను.

భోజనాల్లో చిన్నాయన ముందు పెరుగన్నం కొద్దిగా పెట్టించుకుని, అంతటితో చాలన్నాడు. నాయన కూడా ఆయన పక్కన కూచుని, వాడికింక పెట్టొద్దని వడ్డించేవాళ్ళకు చెప్పాడు. అప్పుడు ఓబులేసు శెట్టి స్వయంగా నేతిగిన్నె పట్టుకుని వచ్చాడు, వెనక ఓళిగల పళ్ళెంతో ఆయన కొడుకు. ఆయనే వంగి విస్తరిలో ఓళిగ వేసి పైన నెయ్యి పోశాడు. చిన్నాయన చేతులు జోడించాడు. బజారంతా చూస్తోంది.

“కాటాలో ఇంగా జాగా ఉండాది కదప్పా,” అన్నాడు ఓబులేసు శెట్టి. “ఒక్క ఓళిగకు ఏం బరువొస్తాది? ఏ తూకమైనా ఆ మాత్రం కొసరు ఓర్చుకుంటాది. తిను నాయనా.”

ఆయన నవ్వుతూ చెప్పాడు, ప్రేమగా చెప్పాడు. చిన్నాయన ఆ ఓళిగ వైపు చూశాడు, తర్వాత నిలబడి ఉన్న పెద్దమనిషి వైపు చూశాడు. చేయి విస్తరి మీదికి వెళ్ళింది. అడ్డం పెడతాడనుకున్నాను. పెట్టలేదు, తుంచి నోట్లో పెట్టుకున్నాడు. ఆ ఒక్కటి అయ్యాక కొసరని ఇంకొకటి వేశారు, తర్వాత మా తాత పక్కవాళ్ళు తమ తరఫున ఒకటి వేయించారు, దాహానికి మజ్జిగ పోశారు. అవ్వ ఆడవాళ్ళ పంక్తిలోంచి చూసి కొంగుతో కళ్ళు తుడుచుకుంది, ఇన్నేళ్ళకు కొడుకు కడుపునిండా తింటున్నాడని. చిన్నాయన ఆకలికి తిన్నాడని ఊళ్ళోవాళ్ళు తర్వాత అన్నారు. ఆకలి ఆయనకు అలవాటే, దాన్ని ఎన్నిసార్లు గెలిచాడో నాకు తెలుసు. గెలవలేకపోయింది ఆ మర్యాదను.

ఇంటికి వస్తుంటే సత్రం గుమ్మం దగ్గర కాచుకున్న ఖాజా మామ పట్టుకున్నాడు. నోట్లో వేలు పెట్టుకుని కక్కేయమని బతిమాలాడు. “పెద్దాయన చేత్తో పెట్టినాడు ఖాజా, ఎట్ల కక్కేది?” అన్నాడు చిన్నాయన. ఆ రాత్రే కంబళి చుట్టుకుని హంద్రీకి పోయాడు, బాగా పొద్దుపోయేదాకా పరుగెత్తాడట. పొద్దున మొదటి బస్సులో మేమంతా కర్నూలు పోయాం. తూకం గదిలోకి ఆటగాళ్ళనూ వాళ్ళ వెంట వచ్చిన ఒక్క మనిషినీ తప్ప రానివ్వరు, నాయనా నేనూ తలుపు బయట నిలబడ్డాం. లోపల కాటా మీద మొదటిసారి ఎక్కితే ఎక్కువ చూపించింది. బయటికి వచ్చి మైదానం చుట్టూ పరుగెత్తాడు, ఉమ్మాడు, మళ్ళీ ఎక్కాడు, ఇంకా ఎక్కువే. తల వెంట్రుకలు తీయించుకుని ఎక్కాడు. బట్టలన్నీ విప్పి ఎక్కాడు. సమయం అయిపోయిందని కాటాను తీసి పక్కన పెట్టేశారు. ఖాజా మామ తలుపు తీసుకుని వచ్చి గోడకు కూలబడ్డాడు.

“ఎంత?” అని అడిగాడు నాయన.

“ఒక ఓళిగంత,” అన్నాడు ఖాజా మామ.

ఆ కాటాకు కొసరు తెలియదు. ఓబులేసు శెట్టికి ఆ సంగతి ఎందుకు తెలియలేదని నేను చాలా ఏళ్ళు మథనపడ్డాను. జీవితమంతా తూచినవాడు, ముల్లును కళ్ళతోనే నిలబెట్టగలిగినవాడు. కానీ ఆయన ప్రపంచంలో తూకం అనేది మనుషులు మంచితనంతో కాస్త వంచగలిగేది, ఎవరూ చెడిపోని పద్ధతిలో. అలా వంచనిది ఒకటి ఉంటుందని ఆయన ఊహకు రాలేదు. తెలియక చేశాడని నేను క్షమించాలా? క్షమించలేకపోయాను. ఎందుకంటే తర్వాత ఆయన ఒక్క మాట అన్నాడు, దాన్ని బజారంతా పట్టుకుంది. బుడ్డల మండీలో నలుగురి ముందు, “తూకం తెలీని శెట్టిని యాడన్నా సూసినారా?” అన్నాడు. పెట్టినవాడే అన్నాడు. సన్నశెట్టి అనే పేరు పోయి చిన్నాయనకు ఆ కొత్తపేరు మిగిలింది.

తాత మాట ప్రకారం చిన్నాయన అంగట్లో కూచున్నాడు. తోలుతొడుగులు అటకెక్కాయి. దూలానికున్న గోనెసంచిని ఎలుకలు కొరికి, పొట్టంతా కిందికి రాలి, చివరికి ఖాళీ సంచి ఒకటి వేలాడుతుండేది. అయితే ఆయన ఒక పని చేశాడు. ఆ రోజు నుంచి ఆయన తక్కెడ పట్టుకుంటే కొసరు వేయలేదు. ముల్లు నిలబడిందా, పొట్లం కట్టి ఇచ్చేవాడు, తక్కువా కాదు, చిటికెడు ఎక్కువా కాదు. పసిపిల్లలు చేయి చాపినా వేయలేదు. పిసినారి అన్నారు, తిక్కశెట్టి అన్నారు, ఒక్కొక్కరే ఎదురంగడికి మళ్ళిపోయారు. నాయన కోప్పడ్డాడు, అవ్వ కాళ్ళు పట్టుకుంది. ఆయన మారలేదు. ఒకసారి నేనే అడిగితే, “కొసరు ఎవురికీ మంచిది కాదులేమ్మే,” అని తలుపు చెక్కలు వేసుకోవడంలో పడిపోయాడు.

ఆ గోడౌనులో మళ్ళీ ధబధబలు వినబడడం చాలా ఏళ్ళ తర్వాత, ఖాజా మామ తన కొడుకుల్ని, రాళ్ళ పాలిష్ చేసే ఇంకొందరి పిల్లల్ని తెచ్చి ఆయన ముందు నిలబెట్టినప్పుడు. చిన్నాయన కొత్త సంచికి పొట్టు నింపాడు. పిల్లలకు ముందు మెక్సికో అప్పను చూపించి, తర్వాత కాటా ఎక్కించేవాడు. వాళ్ళలో లావుగా ఎదిగినవాళ్ళకు ఉద్యోగాలు దొరికాయి, పేపర్లలో ఫొటోలు పడ్డాయి, ఎవరు నేర్పారని అడిగితే పెద్ద పెద్ద ఊళ్ళ పేర్లు చెప్పారు. చిన్నాయన ఒక వేసవిలో జ్వరంతో పోయాడు. పాడె భుజానికెత్తుకున్నప్పుడు ముందున్నవాడు ఆశ్చర్యపోయి, “మనిషి బరువే లేడప్పా,” అన్నాడు. ఆ మాట ఆ రోజు కాటా దగ్గర ఎవరూ అనలేదు కదా అని నాకు అప్పుడు దుఃఖం ముంచుకొచ్చింది. ఆ వెంటనే కోపం వచ్చింది, ఇప్పటికీ ఉంది.

మొన్న మా ఊళ్ళో బాక్సింగు హాలు ఒకటి తెరిచారు. కట్టించింది ఓబులేసు శెట్టి కొడుకులు, పేరు ఆయనది. ఆయన కూడా పోయి చాలాకాలమయింది. పాలరాతి మీద బంగారురంగు అక్షరాలతో, ఈ ప్రాంతంలో బాక్సింగును పోషించిన దాత అని రాయించారు. నేను చదివి అక్కడే నిలబడిపోయాను. ఖాజా మామ పిలిస్తే వచ్చాను, ఆయన మనవరాలు షబానా అందరికంటే తక్కువ బరువులో ఆడుతోంది, ఎనిమిదో తరగతి పిల్ల, చిన్నాయన ఎలా ఉండేవాడో అలా ఉంది, మోచేతుల ఎముకలు బయటికే. ప్రారంభం సందర్భంగా పోటీలు పెట్టారు, పోటీల ముందురోజు సాయంత్రం పిల్లలందరికీ విందు. ఓళిగలు, నెయ్యి.

ఓబులేసు శెట్టి పెద్దకొడుకు, ఆ రోజు పళ్ళెం పట్టుకుని వెనక నిలబడిన ఆ పిల్లవాడే, ఇప్పుడు తల నెరిసిన పెద్దమనిషి, నేతిగిన్నెతో పంక్తి వెంబడి వచ్చాడు. షబానా తలెత్తి, “వద్దు సార్, పొద్దున తూకం ఉండాది,” అంది. “ఒక్కటి తల్లీ, కొసరు,” అని ఆయన ఓళిగ వేసి గిన్నె వంచాడు. ఆ పిల్ల మొహంలో చిన్నాయన మొహం కనబడింది నాకు, అదే సిగ్గు, అదే సందేహం. నేను వంగి విస్తరికి చేయి అడ్డం పెట్టాను. నెయ్యి నా చేతి మీద పడింది. పంక్తి అంతా ఆగిపోయింది. “ఏమ్మా, శెట్టింట్లో పుట్టి, పెట్టే చేతికి అడ్డం పెడతావా?” అన్నాడాయన, నిజంగా నొచ్చుకున్నాడు. పెడతాను అన్నాను. ముప్పై ఏళ్ళు దాటాక మా ఇంటి చేయి ఒకటి అడ్డం వెళ్ళింది. చిన్నాయనకు ఏం లాభం?

మరునాడు షబానా తూకంలో నెగ్గింది. ఆమె ఆట మిట్టమధ్యాహ్నం పెట్టారు, కుర్చీలు పేర్చే ఉన్నాయి, మైకు సరిచేసేవాడు హలో హలో అంటున్నాడు. గెలిచింది కూడా. ఖాజా మామా నేనూ చప్పట్లు కొడితే కొత్త హాలు గోడలకు తగిలి ఆ చప్పుడు తిరిగి మాకే వచ్చింది. మెక్సికో అప్ప బొమ్మను నేను భద్రంగా దాచి తీసుకుపోయాను, గోడకు పెట్టమని అడిగితే అక్కడ ఫ్లెక్సీ వస్తుందన్నారు. షబానా దాన్ని చేతిలోకి తీసుకుని ఈయన పేరేంటని అడిగింది. చినిగిపోయిందని చెప్పాను. ఆ పిల్ల ఆ వాచిన కన్ను వైపు చూసి తల ఊపింది, ఎవరూ నేర్పకుండానే.

“ఇప్పుడు తినొచ్చా అత్తా?” అని అడిగింది తర్వాత. ముందురోజు పొద్దున నుంచి దాని కడుపులో ఏమీ లేదు, తూకం అయ్యాక కూడా ఆట అయ్యేదాకా నీళ్ళే తాగింది. వంటల దగ్గరికి తీసుకుపోయాను. ఓళిగల గంప మీద తెల్లగుడ్డ కప్పి ఉంది. “పెద్దోళ్ళు వస్తాండారమ్మా, వాళ్ళు తిన్నాక మిగిల్తే సూద్దాం,” అన్నాడు వడ్డించే అతను.

పిల్లను పెద్దబజారుకు తీసుకుపోయాను. మా అంగడి ఉన్నచోట సెల్‌ఫోన్ల కొట్టు ఉంది, గోడౌను పడగొట్టి మేడ లేపారు, మండీలో పెద్ద కాటా లేదు, బెల్లం బొరుగులు అన్నీ ముందే తూచి కట్టిన కవర్లలో వస్తున్నాయి. బండి దగ్గర బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీ పెట్టించాను. షబానా గబగబా తినేసి, ప్లేటు అంచున మిగిలిన మిరపకాయ తొడిమ కూడా చప్పరించి, బండివాడి వైపు ప్లేటు చాపి, ఇంకొంచెం వేయమంది. ఇంకో ప్లేటు తీసుకోండి అన్నాడు అతను, తల ఎత్తకుండా. తీసుకున్నాను. మా చిన్నాయన్ని ముంచిన ఆ కొసరు ఇప్పుడు మా ఊళ్ళో ఎక్కడా లేదు, గెలిచిన పిల్ల ఆకలితో చేయి చాపినా లేదు.